పాప ఒళ్ళు చేసిందనుకున్నాం

మా పాప ఇప్పుడు బాగుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. పసిపిల్లల జబ్బు గురించి ఎవరైనా చెబుతుంటే నాకు మొదట తెలియాల్సింది అదే. అది తెలియకుండా మిగతాది వినలేను. ఇది చదివేవాళ్ళలో నాలాంటి తల్లులు ఉండవచ్చు, వాళ్ళను ఊరికే భయపెట్టడం నాకిష్టం లేదు. భయపడవలసిన చోట మాత్రం భయపడాలి. ఆ చోటు మాకు చాలా ఆలస్యంగా కనిపించింది కాబట్టి రాస్తున్నాను. రాస్తే నాకూ కొంచెం నిలకడ వస్తుందని ఇంకో ఆశ.

మేము సూరత్‌లో, డిండోలిలో ఉంటాం. మా నాన్న జగిత్యాల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టింది ఇక్కడే, పదో తరగతి వరకు చదివింది ఇక్కడి మున్సిపాలిటీ తెలుగు బడిలోనే. నా భర్త గంగాధర్ మా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ నాకు బావే, ఇప్పుడూ బావే. పాండేసరాలో ఒక అద్దకం మిల్లులో రంగులు కలిపే గదిలో పని చేస్తాడు. అక్కడ ప్రతిదీ కాంటా మీద తూచి కలపాలి, కాస్త తేడా వస్తే మొత్తం గుడ్డ రంగు మారిపోతుంది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. టీలో చక్కెర కూడా చెంచా అంచు సమంగా గీసి వేస్తాడు. మా అత్తమ్మ, అంటే నాన్నకు అక్క, మాతోనే ఉంటుంది. ఇంట్లో ఉండేది మేం ముగ్గురం. వానాకాలం మొదట్లో శ్రీనిధి పుట్టి నలుగురమయ్యాం.

జూన్, జులై

కాన్పు మామూలుగానే అయింది. మొదటి వారాల్లో పాలు బాగానే ఉన్నాయి. పాప తాగేది, నిద్రపోయేది, మధ్యలో ఇల్లంతా వినపడేలా ఏడ్చేది. తరవాత నా కుడి రొమ్ము రాయిలా గట్టిపడింది. జ్వరం కంటే చలి ఎక్కువ బాధ పెట్టింది. బయట ఉక్కపోత, నేను మాత్రం రెండు దుప్పట్లు కప్పుకుని వణికేదాన్ని. చీము పట్టిందన్నారు. ఆసుపత్రిలో చేర్చుకుని, చీరి, చీము తీశారు.

రెండో వైపు పాలు ఇస్తూనే ఉండమని అక్కడి డాక్టరు చెప్పింది. చెప్పినట్టు చేయాలనే ఉంది కానీ జ్వరం, మందులు, కట్టు మార్చేటప్పటి నొప్పి కలిసి నన్ను పడేశాయి. ఇంటికొచ్చేసరికి పాలు బాగా తగ్గిపోయాయి. ఇంకొన్నాళ్ళకు రావడం మానేశాయి. కట్టు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. పక్కన ఎవరో ఒకరు పైట కప్పుకుని బిడ్డకు పాలిస్తూ ఉండేవాళ్ళు. నేను ఫ్యాన్ వైపు చూసేదాన్ని. ఆ ఫ్యాన్ రెక్కల్లో ఒకటి సొట్ట పోయి ఉంది, అది నాకు ఇప్పటికీ గుర్తు.

ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అత్తమ్మ మెంతులు, వెల్లుల్లి, ఇంకా ఏవేవో వండి పెట్టింది. "రాకుంటే రాకపాయె బిడ్డా, నీ పానం మంచిగుంటే చాలు" అంది.

ఆగస్టు

డబ్బా పాలు మొదలుపెట్టాం. పాప కక్కేది. బుగ్గల మీద ఎర్రగా పొక్కులు వచ్చాయి. ఒకరోజు విరేచనంలో ఎర్రటి దారాల్లాంటివి కనిపించాయి. బావ, నేను పాపను ఉధనాలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవు పాలతో చేసిన పొడి ఈ పాపకు పడటం లేదని, అలాంటి పిల్లలకు వేరే రకం పొడి ఉంటుందని ఆయన చెప్పాడు. పేరు రాసిచ్చి, వారం తరవాత మళ్ళీ తీసుకురమ్మన్నాడు.

మందుల దుకాణం అతను తెప్పించి ఇచ్చాడు. మూత తీస్తే చేదు వాసన. పాప నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. మళ్ళీ పెడితే ముఖం తిప్పుకుంది. పొద్దంతా ఆకలితో ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. బావ ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

"ఏందే ఇది? మా మిల్లుల డ్రమ్ము మూత తీస్తె గిట్లనే వాసనొస్తది. గీ కెమికల్ పొల్లకు తాపుదామా?"

రోజంతా రసాయనాల మధ్య తిరిగే మనిషి. ఏ డబ్బా మీద ఏం రాసి ఉన్నా లోపల ఏముందో అతనికి అనుమానమే. మర్నాడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. శుభ్రమైన వంటింట్లో నిలబడి ఒకామె హిందీలో మాట్లాడుతోంది. డబ్బాలో ఏముందో మీకు తెలియదు, మీ వంటింట్లో ఏముందో మీకు తెలుసు, అంటోంది. పాలు పడని పిల్లలకు ఇంట్లోనే చేసుకునే పాలట. బియ్యం గంజి, నానబెట్టి రుబ్బి వడకట్టిన బాదం, కొబ్బరి నీళ్ళు, కొంచెం ఖర్జూరం. కొలతలు కావాలనే రాయడం లేదు.

నాకు అందులో అనుమానించవలసింది ఏమీ కనిపించలేదు. అత్తమ్మకూ కనిపించలేదు. "గంజి తాగి పెరిగిన పానాలే మనయి. బాదాం గూడ ఏస్తున్రు, ఇంకేం గావాలె" అంది.

బావ చిన్న కాంటా ఒకటి కొనుక్కొచ్చాడు. గాజు సీసాలు మరిగించేవాడు, నీళ్ళు మరిగించేవాడు, బాదం తొక్క ఒక్కటి మిగలకుండా ఒలిచేవాడు, రెండుసార్లు వడకట్టేవాడు. డ్యూటీకి వెళ్ళే ముందు ఆ పూటకు సరిపడా చేసి, మిగతా సరుకు తూచి గిన్నెల్లో పెట్టి వెళ్ళేవాడు. చేతులు కడుక్కోకుండా ఆ గిన్నెల దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

పాప ఇష్టంగా తాగింది. కక్కలేదు. విరేచనంలో ఎరుపు పోయింది, బుగ్గల మీద పొక్కులు ఆరిపోయాయి. హాయిగా నిద్రపోయింది. ఇంక డాక్టరు దగ్గరికి మళ్ళీ ఎందుకు వెళ్ళాలి అనిపించింది. జబ్బు తగ్గిపోయిందిగా! పాలు మానేశాం కాబట్టి ఆ జబ్బు తగ్గింది. ఆ పాల బదులు మేమిస్తున్నది సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ రెండూ వేరు వేరని అప్పుడు మాకు తట్టలేదు.

బావ సంతోషంతో ఆ వీడియోను చుట్టాల గ్రూపులో పెట్టాడు. కింద తన కొలతలు కూడా రాశాడు. అతని చిన్నమ్మ కూతురు లావణ్య భివండీలో ఉంటుంది. ఆమె కొడుకు మా పాప కంటే కొంచెం పెద్దవాడు. "మస్తు పనికొచ్చె అన్నా" అని జవాబు పెట్టింది.

నవరాత్రి రోజులు

వీధి చివర గర్బా పాటలు మొదలయ్యే వేళకు మా పాప బుగ్గలు నిండుగా అయ్యాయి. వడోద్ నుంచి మా చిన్నాయన వాళ్ళు చూడటానికి వచ్చారు. చిన్నమ్మ పాపను చేతుల్లోకి తీసుకుని, "అబ్బ, ఎంత బొద్దుగైంది! ఏం పెడుతున్రే? దిష్టి తీయుండ్రి" అంది. అత్తమ్మ వెంటనే ఉప్పు, మిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. వెండి పట్టీలు బిగుసుకుని కాళ్ళ మీద గీతలు పడ్డాయి. ఒళ్ళు చేసింది, పట్టీలు పెద్దవి చేయించాలి అనుకున్నాం.

ఏడుపు తగ్గింది. ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉండేది. వచ్చినవాళ్ళంతా మంచి పిల్ల అన్నారు. చూపు మన మీదే ఉన్నట్టుండేది కానీ మనల్ని చూస్తున్నట్టు ఉండేది కాదు. అంతకుముందు నవ్వడం మొదలుపెట్టిన పిల్ల నవ్వడం మానేసింది. తొడల మీద చర్మం నల్లబడి, పాత గోడ సున్నంలా పొరలుగా లేస్తోంది. నల్లగా ఉన్న జుట్టు రాగి రంగుకు తిరిగి దిండుకు అంటుకుని వచ్చేది. పుట్టు వెంట్రుకలు కదా, రాలతాయి అంది అత్తమ్మ. పుట్టు వెంట్రుకలు రాలడం నిజమే. అలా ఒక్కొక్కదానికీ ఒక్కొక్క కారణం దొరికింది. అన్నీ కలిపి చూసినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

దీపావళికి ముందు రోజుల్లో పాప సీసా కూడా వద్దంది. ఒళ్ళు చల్లగా ఉంది. పాదాలు నున్నగా మెరుస్తున్నాయి. అవి చూసి బావ దగ్గరికి వెళ్ళాను.

"బావా, పొల్ల మంచిగ లేదు. దవాఖానకు పోదాం."

"మొన్ననే అందరు ఎంత ముద్దుగుందన్నరు గదా?"

"అననీ. నాకైతే భయమైతంది. పోదాం పా."

పండగ సెలవులు. మిల్లులు మూసేశారు, ఉధనా డాక్టరు కూడా ఊళ్ళో లేడు. పెద్ద సర్కారీ ఆసుపత్రికి వెళ్ళాం.

ఆసుపత్రి

అక్కడ పండగ లేదు. వరుస వరండా దాటి మెట్ల దాకా ఉంది. మా వంతు వచ్చేదాకా పాప ఒక్కసారి కూడా ఏడవలేదు. చుట్టూ పిల్లలు గొంతు చించుకుంటుంటే నా ఒళ్ళో పాప కళ్ళు తెరుచుకుని కదలకుండా పడుకుంది.

లోపల ఉన్నది వయసులో నాకంటే కొంచెం పెద్దదైన గుజరాతీ డాక్టరు. గౌను విప్పమంది. కళ్ళ కింద రెప్ప లాగి చూసింది. పాదం మీద బొటనవేలితో నొక్కి, వేలు తీసింది. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. నేను ఆ గుంట నిండుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.

బావ హిందీలో, "బాగా తాగుతుంది మేడమ్. ఒళ్ళు కూడా చేసింది. ఈ నాలుగు రోజుల నుంచే ఇలా..." అన్నాడు.

"మోటీ నహీఁ హై, భాయీ. యే సోజన్ హై."

బొద్దు కాదు, వాపు. ఆమె గొంతు పెంచలేదు. ఏం పెడుతున్నారు అని అడిగింది. బావ చెప్పాడు. బియ్యం ఎంత, బాదం ఎంత, ఎంత సేపు మరిగించాలి, ఎన్నిసార్లు వడకట్టాలి, అన్నీ తడుముకోకుండా వరసగా చెప్పాడు. ఆమె రాయడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి వింది.

"పాలు?"

"లేవు మేడమ్. పడవు."

"ఇంకేమైనా?"

"లేదు. ఇదొక్కటే. అంతా శుభ్రంగా, తూచి పెట్టాను."

ఆమె పెన్ను అక్కడే వదిలేసి, పాపను తన చేతుల్లోకి తీసుకుని లోపలి వార్డుకు నడిచింది. మేం వెనకాల పరిగెత్తాం.

ఆ తరవాత తీరిక దొరికినప్పుడు ఆమె మాకు అర్థమయ్యేలా చెప్పింది. పాప కడుపు రోజూ నిండింది కానీ ఒళ్ళు కట్టడానికి కావలసిన సరుకు అందులో చాలా తక్కువ. బిడ్డ ఒంట్లో ఉన్నదాన్నే ఒళ్ళు వాడుకుంటూ వచ్చింది, నెత్తురు పలచబడింది, నీరు నిలిచింది. బుగ్గలు అనుకున్నది ఆ నీరే. బావ నెమ్మదిగా, "నేను అన్నీ సరిగ్గా తూచాను మేడమ్" అన్నాడు. ఆమె, "తూచడంలో మీరు తప్పు చేయలేదు. ఏవి తూచాలో వీడియోలో ఆవిడకు తెలియదు, మీకూ తెలియదు" అంది. తిట్టినా బాగుండేదని బావ తరవాత నాతో అన్నాడు.

పాపను వెచ్చగా ఉంచారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, దానిలోంచి చాలా కొంచెం కొంచెంగా పాలు ఎక్కించారు. ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే గుండె తట్టుకోలేదన్నారు. ఆ పాలు వేరే ఏవో కావు, ఉధనా డాక్టరు రాసిచ్చిన రకం పొడే. రుచి నచ్చకపోతే ఎలా అలవాటు చేయాలో వారం తరవాత వెళ్ళి ఉంటే ఆయనే చెప్పేవాడు.

మొదటి రోజుల్లో ఎవరూ ఏమీ ఖాయంగా చెప్పలేదు. "చూద్దాం" అనేవాళ్ళు. ఆ మాటను హిందీలో, గుజరాతీలో, మరాఠీలో విన్నాను. పక్క మంచం దగ్గర సుమన్‌బాయి అని మహారాష్ట్రలో ఖాందేశ్ వైపు నుంచి వచ్చిన పెద్దామె ఉండేది, మనవడికి నిమ్ము చేసి తీసుకొచ్చింది. చూడవచ్చిన ప్రతివాళ్ళూ నన్ను ఏం పెట్టావు, ఎందుకు పెట్టావు అని అడుగుతుంటే, నాకు బదులు ఆమే జవాబు చెప్పేది. "డాక్టర్‌నీ బోలాయచం నాహీ సాంగితలంయ్", మాట్లాడొద్దని డాక్టరు చెప్పింది అని. డాక్టరు అలా ఎప్పుడూ చెప్పలేదు. సుమన్‌బాయి మాత్రం నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను ముఖం కడుక్కోవడానికి వెళ్తే పాప మంచం దగ్గర వచ్చి నిలబడేది.

తరవాత వాపు దిగడం మొదలైంది. అది మేలుకేనని డాక్టరు ముందే చెప్పింది, కానీ కళ్ళతో చూడటం వేరు. బుగ్గలు పోయాయి. చేతులు పుల్లలయ్యాయి. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్క పెట్టేలా బయటపడ్డాయి. ముసలి ముఖంతో ఎవరి బిడ్డో నా ముందు పడుకున్నట్టు ఉంది. అత్తమ్మ ఇంటి నుంచి అన్నం తెచ్చింది, పాపను చూసి డబ్బా కింద పెట్టేసింది.

"ఏం జేసిన్రు నా పొల్లను? తెచ్చినప్పుడు గిట్ల లేకుండె! దవాఖానల ఎండగొట్టిన్రు. లే మమతా, ఇంటికి పోదాం. నేను సాదుకుంట నా మనమరాలిని."

వార్డంతా మా వైపు తిరిగింది. నిజానికి నాకూ ఎత్తుకుని పారిపోవాలనే ఉంది. బావ ఆమెను చేయి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళాడు. తలుపు దగ్గర నుంచి నాకు వినబడుతూనే ఉంది.

"అమ్మా, గిదే మన పిల్ల. గిన్ని దినాలు మనం ముద్దు జేసింది నీళ్ళను."

"నువ్వే గదరా కలిపినవ్?"

"నేనే కలిపిన. అందుకే చెప్తున్న. ఈడికెళ్ళి కదిలేది లేదు."

అత్తమ్మ వరండాలోనే కింద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి వచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, పాప అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టింది. ఆ తరవాత ఇంటికి పోదామని ఎప్పుడూ అనలేదు. అన్నం తెస్తే మాత్రం బావకు తను వడ్డించేది కాదు, డబ్బా నా చేతికిచ్చేది. చాలా రోజులు తల్లీకొడుకుల మధ్య మాటలన్నీ నా ద్వారానే నడిచాయి.

లావణ్య సంగతి బావకు ఆ వరండాలోనే గుర్తొచ్చింది. ఫోన్ చేశాడు. ఆ పాలు బంద్ చెయ్యమని చెప్పాడు. లావణ్య, "మా వానికేం గాలేదు అన్నా, మంచిగ బొద్దుగున్నడు" అంది. ఇంకా గట్టిగా చెప్పబోతే ఆమె భర్త ఫోన్ తీసుకుని, మీ పిల్లకు రోగముంటే మాకేంది, పండగ పూట అపశకునం మాటలేంది అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

బావ నా దగ్గరికి వచ్చాడు. "పాప ఫోటో గ్రూపుల పెడుత. గొట్టంతోటి, గా కాళ్ళతోటి. చూస్తేనన్న సమజైతది."

అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆడపిల్ల, రేపు నలుగురూ ఏమనుకుంటారు అంది. మేం పిల్లను ఎండబెట్టామని ఊరంతా చెప్పుకుంటారు అని నాకూ అనిపించింది. నిజమే కదా, చెప్పుకుంటే చెప్పుకోనీ అని కూడా అనిపించింది.

"పెట్టు బావా" అన్నాను.

పెట్టాడు. కింద, 'నేను చెప్పిన పాలు ఎవ్వరు తాపద్దు. మా బిడ్డ ఇట్లయింది' అని రాశాడు. చాలామంది ఫోన్లు చేశారు. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. లావణ్య గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున బావ రైలెక్కి భివండీ వెళ్ళాడు. వార్డులో నన్ను, అత్తమ్మను వదిలి వెళ్ళడం అతనికి ఎంత కష్టమో నాకు తెలుసు. నాకూ కష్టమే అయింది. తిరిగొచ్చాక జరిగింది చెప్పాడు. లావణ్య భర్త తలుపులోనే అడ్డం నిలబడి అరిచాడట. బావ వాదించలేదు. "ఒక్కసారి మీ వాని కాలు మీద ఏలు పెట్టి ఒత్తనియ్యి. ఏం లేకుంటే ఇప్పుడే పోత" అన్నాడట. ఒత్తాడు. గుంట లోతుగా పడలేదు. కానీ పడింది, నిలిచింది. ఆమె భర్త తన వేలితో మళ్ళీ ఒత్తి చూసుకున్నాడు. అంతే, చొక్కా వేసుకుని పిల్లాడిని ఎత్తుకుని ఆసుపత్రికి బయలుదేరాడట. లావణ్య మాత్రం బావ ముఖం చూడకుండానే, "నువ్వు చెప్తేనే గద అన్నా తాపింది" అందట.

చలికాలం

మా పాప నెమ్మదిగా కోలుకుంది. ముందు చూపు మారింది. నర్సు వెళ్తుంటే తల తిప్పి చూసింది. తరవాత సూది గుచ్చితే ఏడ్చింది. ఆ ఏడుపు విని సుమన్‌బాయి చప్పట్లు కొట్టింది. గొట్టం తీసేసి, గిన్నెతో, చెంచాతో తాగించడం నర్సు నాకు నేర్పింది. చేదు పాలే, అయినా తాగింది.

ఇంటికొచ్చాక బావ పాపకు పాలు కలపడం మానేశాడు. వంటింటి గడప దాకా వచ్చి ఆగిపోయేవాడు. డబ్బా మీద రాసిన ప్రకారం పొడి, నీళ్ళు కలిపితే చాలు, అయినా ముట్టుకోడు. "నువ్వే కలుపు, నాతోటి గాదు" అనేవాడు. నేనూ పట్టించుకోలేదు. ఒకరోజు నాకు జ్వరం వచ్చి లేవలేకపోయాను. పాప ఏడుస్తోంది. అత్తమ్మ, చాలా రోజుల తరవాత నేరుగా కొడుకుతో, "ఏం జూస్తున్నవ్ రా, కలుపు. నీ బిడ్డే గద" అంది. అతను కలిపాడు. పాప తాగుతున్నంతసేపు పక్కనే నేల మీద కూర్చున్నాడు.

ఇంట్లో వస్తువులతో పాలు చేసుకోవచ్చా అని నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను డాక్టరును కాదు. నాకు తెలిసింది ఇంతే. తల్లిపాలు లేకపోతే, ఆ చిన్న వయసులో వాటి బదులు ఇవ్వగలిగింది వంటింట్లో తయారు కాదు. గంజి కాదు, బాదం కాదు, నీళ్ళు కలిపిన ఆవుపాలో గేదెపాలో కూడా కాదు. పొడి డబ్బా వాడితే దాని మీద రాసినట్టే కలపాలి, ఎక్కువ రోజులు రావాలని పలచన చేయకూడదు. పడకపోతే అదే డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి పడలేదని చెప్పాలి. ఏడవని పిల్ల మంచి పిల్ల అని ఎవరైనా అంటే సంతోషించకండి, ఒకసారి చూపించండి. మా పాప జబ్బు మురికి వల్ల రాలేదు, నిర్లక్ష్యం వల్ల రాలేదు. ఎంతో శ్రద్ధగా చేసిన దానివల్ల వచ్చింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అదే.

లావణ్య మాతో మాట్లాడటం లేదు. ఒక పెళ్ళిలో కనిపించి పక్కకు తిరిగి వెళ్ళిపోయింది. ఆమె కొడుకు బాగున్నాడని, నడుస్తున్నాడని లావణ్య వాళ్ళమ్మ చెప్పింది. మాకు అది చాలు అని బావ అన్నాడు. అన్నాడు కానీ, లావణ్య వెళ్ళిన వైపే చాలాసేపు చూశాడు.

మళ్ళీ వానాకాలం

పాపకు ఏడాది నిండాక, మామూలు పాలు ఇప్పుడు పడతాయేమో చూద్దామని డాక్టరు పిలిచింది. ఇలాంటి పరీక్ష ఇంట్లో చేయకూడదని, తన కళ్ళ ముందే చేయాలని గట్టిగా చెప్పింది. పొద్దున్నే వెళ్ళాం. కాచి చల్లార్చిన పాలు ఫ్లాస్కులో తెమ్మంది, తీసుకెళ్ళాం.

ముందు పెదవికి తాకించింది. ఆగాం. తరవాత ఒక చెంచా. ఆగాం. బెంచీ మీద బావ ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో అత్తమ్మ ఒళ్ళో పాప. ప్రతి కొంతసేపటికీ నర్సు వచ్చి గౌను ఎత్తి చూసి వెళ్ళేది. పాప ఎదురుగా కూర్చున్న వాళ్ళతో ఏదేదో మాట్లాడుతూనే ఉంది. మధ్యలో దగ్గింది. ముగ్గురం ఒక్కసారి వంగి చూశాం. ఊరికే దగ్గింది.

చివరికి స్టీలు గ్లాసులో పాలు పోసి ఇవ్వమంది. రెండు చేతులతో పట్టుకుని, సగం గౌను మీద పోసుకుని, సగం తాగింది. మళ్ళీ ఆగాం. బయట వాన వచ్చి, వెలిసి, మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం దాటాక డాక్టరు వచ్చి పాపను తిప్పి చూసింది. పొట్ట నొక్కి చూసింది. ఊపిరి విన్నది.

"ఏమీ లేదు. ఇంటికి వెళ్ళండి" అంది.

బావకు అర్థం కానట్టు, "ఏమీ లేదంటే?" అన్నాడు.

"ఏమీ కాలేదు. పాలు పడ్డాయి."

అప్పుడు పాప ఖాళీ గ్లాసు డాక్టరు ముందుకు చాచింది. ఆమె నవ్వి బావ వైపు చూసి, "ఔర్ మాఁగ్ రహీ హై. దే దో", ఇంకా అడుగుతోంది, ఇచ్చేయండి అంది.

బావ ఫ్లాస్కు మూత తీశాడు. పోశాడు. తాగింది.